వెంటాడే బండికి పగ్గం ఎవరి చేతిలో?

విజయవాడ నుండి డెల్టా వైపు ఏ దారిన బయలుదేరినా ఏదో ఒక కాలువ కొంతదూరం మనతోపాటు నడుస్తుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర బయలుదేరిన నీరు బందరు కాలువగా, ఏలూరు కాలువగా, రైవస్ కాలువగా నగరం నడుమ నుండి సాగి పల్లెల్లోకి దిగుతుంది. ఆ కాలువల గట్లే ఎన్నో గ్రామాలకు రహదారులు. ఒక పక్క నీరు, ఇంకొక పక్క పొలంలోకి జారే వాలు. చాలాచోట్ల అడ్డుగోడ లేదు, దీపం లేదు. కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. పుష్యమాసపు ఉదయాల్లో మంచు కమ్మితే ఎదుటి మనిషి కనబడడు. అటువంటి దారిలో హెల్మెట్ లేని ఒక కుర్రవాడు దూరం నుండే పోలీసు తనిఖీని చూసి బండి వెనక్కు తిప్పాడనుకుందాం. అతని వెనుక పోలీసు వాహనం కదిలింది. ఆ క్షణం నుండి జరిగేదానికి బాధ్యులెవరు? ఆ వాహనం నడుపుతున్న వ్యక్తికి అటువంటి పనిలో శిక్షణ ఇచ్చినవారెవరు? వెంటపడమని అనుమతించినవారెవరు? ఇక చాలు, వెనక్కు రమ్మని చెప్పగలవారెవరు?

వక్ఫ్ ఆస్తులు, రిజర్వేషన్లు, ఉర్దూ బడులు ఇన్ని సమస్యలుండగా పోలీసు డ్రైవర్ల శిక్షణతో మైనారిటీ పత్రికకు పనేమిటని కొందరు పాఠకులు అడగవచ్చు. వించిపేటలోనో, పంజా సెంటర్‌లోనో, అజిత్‌సింగ్ నగర్‌లోనో ఒక పూట నిలబడి చూస్తే జవాబు దొరుకుతుంది. మన యువకులలో చాలామంది బతుకు చక్రాల మీద నడుస్తోంది. ఆటో తోలేవారు, ఆటోనగర్ షెడ్లలో పనిచేసేవారు, పండ్లూ పాత సామానూ మోసేవారు, ఇంటింటికీ భోజనం పొట్లాలు చేరవేసేవారు. ప్రభుత్వం వీరికి కలెక్టరు కార్యాలయంలో ఎదురయ్యేది ఏడాదికొకసారైతే, కూడలిలో చేయి చాపి నిలబడిన కానిస్టేబులు రూపంలో ఎదురయ్యేది వారానికొకసారి. రాష్ట్ర హైకోర్టు హెల్మెట్ నిబంధన అమలు కావడం లేదని గట్టిగా అడిగిన నాటి నుండి తనిఖీలు పెరిగాయి. పెరగవలసిందే. హెల్మెట్ పెట్టుకోని తలలు పగిలి రోడ్ల మీద పోతున్న ప్రాణాలు తక్కువేమీ కావు. తనిఖీని మేము ప్రశ్నించడం లేదు. తనిఖీని తప్పించుకుని పారిపోయిన వాడి వెనుక ఏమి జరగాలన్నదే మా ప్రశ్న.

ముందుగా ఆ తప్పు ఎంతటిదో చూద్దాం. మోటారు వాహనాల చట్టం 194-డి ప్రకారం హెల్మెట్ లేనందుకు జరిమానా 1000 రూపాయలు, మూడు నెలలు లైసెన్సు రద్దు. అధికారి చట్టబద్ధంగా ఇచ్చిన ఆదేశాన్ని పాటించకపోతే 179వ సెక్షన్ కింద 2000 రూపాయలు. ఆపమన్నా ఆపని హెల్మెట్ లేని కుర్రవాడు ప్రభుత్వానికి బాకీపడేది మొత్తం మూడువేల రూపాయలు. ఇప్పుడు అరెస్టును గురించిన చట్టం చూద్దాం. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 43వ సెక్షన్, నిందితుడు ప్రతిఘటిస్తే పట్టుకొనడానికి అవసరమైన మార్గాలన్నీ వాడవచ్చునని పోలీసుకు అధికారమిస్తుంది. ఆ వెంటనే అదే సెక్షన్ ఒక హద్దు గీస్తుంది: మరణశిక్షగానీ యావజ్జీవ శిక్షగానీ పడదగిన నేరం మోపబడని వ్యక్తికి మరణం కలిగించే హక్కును ఈ సెక్షన్ ఎవరికీ ఇవ్వదు. ఇది కొత్త మాట కాదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 46వ సెక్షన్‌లోనూ ఇదే ఉండేది. తుపాకీ విషయంలో ఈ హద్దు ప్రతి పోలీసు అధికారికీ తెలుసు. టన్నున్నర బరువున్న వాహనాన్ని గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో ఒక సైకిలు మోటారు వెనుక తోలడం కూడా ప్రాణం తీయగల బలప్రయోగమేనన్న ఆలోచన మాత్రం మన వ్యవస్థలో ఇంకా వేళ్ళూనలేదు. తుపాకీ తూటాకు లెక్క ఉంది. బండి స్టీరింగుకు లెక్క లేదు.

లెక్క లేకపోతే ఏమవుతుందో పొరుగు రాష్ట్రాలు చూశాయి. 2018 మార్చి 7న తమిళనాడులోని తిరుచ్చి సమీపాన తిరువెరుంబూరు దగ్గర భార్యాభర్తలు ద్విచక్ర వాహనంపై వెళుతున్నారు. హెల్మెట్ తనిఖీ దగ్గర ఆగలేదని ఒక ఇన్‌స్పెక్టరు వారిని వెంబడించి బండిని కాలితో తన్నాడు. కిందపడిన ఆమె మరణించింది. వేలమంది రోడ్డెక్కారు, ఇన్‌స్పెక్టరును అరెస్టు చేశారు. ఆ మరుసటి ఏడాది నవంబరులో కేరళ హైకోర్టు ఒక బెయిలు పిటిషన్ విచారిస్తూ స్పష్టంగా చెప్పింది: హెల్మెట్ లేనివారిని తరిమి పట్టుకోవద్దు, రోడ్డు మధ్యకు దూకి అడ్డుకోవద్దు, కెమెరాలతో నంబరు నమోదు చేసి చట్టప్రకారం చర్య తీసుకోండి. ఆ మాట ఇంకా చెవుల్లో ఉండగానే కొల్లం జిల్లా కడక్కల్‌లో ఆగకుండా వెళుతున్న ఒక యువకునిపైకి పోలీసు లాఠీ విసిరాడు, అతడు అదుపు తప్పి ఎదురుగా వస్తున్న కారుకు గుద్దుకున్నాడు. న్యాయస్థానం చెప్పినంతనే క్షేత్రంలో మార్పు రాదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు. తీర్పు కానిస్టేబులుకు చేరాలంటే అది శిక్షణలో పాఠంగా మారాలి, డ్యూటీ పుస్తకంలో నియమంగా రావాలి.

తప్పు చేయనివాడు ఎందుకు పారిపోతాడు? పోలీసు అధికారులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. పైకి సరళంగా కనిపించే ఈ ప్రశ్న వెనుక ఒక నిర్ధారణ దాగి ఉంది: పారిపోయాడు గనుక ఏదో చేసే ఉంటాడు. 2005 అక్టోబరు 27న పారిస్ శివారులోని క్లిషీ-సూ-బ్వాలో ఫుట్‌బాల్ ఆడి ఇళ్ళకు తిరిగి వస్తున్న కుర్రవాళ్ళు పోలీసులను చూసి పరుగెత్తారు. ముగ్గురు విద్యుత్ సబ్‌స్టేషన్ ప్రహరీ దూకి లోపల దాక్కున్నారు. పదిహేడేళ్ళ వాడొకడు, పదిహేనేళ్ళ వాడొకడు కరెంటు తగిలి చనిపోయారు. మూడవవాడు కాలిన గాయాలతో బయటపడ్డాడు. అది కాలినడకన సాగిన తరుములాటే, బండ్లతో కాదు. అయినా మేము దానిని ఇక్కడ గుర్తు చేయడానికి కారణముంది. వారు వలస వచ్చిన ముస్లిం కుటుంబాల పిల్లలు. స్టేషనుకు తీసుకెళితే గంటల తరబడి కూర్చోబెడతారన్న భయం ఆ పేటల్లో పిల్లలందరికీ ఉండేది. మూడు వారాలు ఫ్రాన్సు తగలబడిన తరువాత, పదేళ్ళకు ఇద్దరు పోలీసులపై విచారణ జరిగింది, వారు నిర్దోషులుగా విడుదలయ్యారు. తీర్పు ఏదైనా ఆ పిల్లలు ఎందుకు పరుగెత్తారన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది.

మన దగ్గరా ఆ భయానికి కారణాలున్నాయి. 2020 ఏప్రిల్ 20న, లాక్‌డౌన్ రోజుల్లో, గుంటూరు జిల్లా సత్తెనపల్లిలో మందుల కోసం బయటకు వచ్చిన ఒక ముస్లిం వ్యక్తి చెక్‌పోస్టు దగ్గర పోలీసులు ఆపిన తరువాత కుప్పకూలి మరణించాడు. కొట్టారని కుటుంబం ఆరోపించింది, ఎస్సైని సస్పెండు చేశారు. అక్కడ వెంటాడటం లేదు, వాహన వేగం లేదు. కానీ ఆ వార్త విన్న ప్రతి ముస్లిం ఇంట్లో తల్లి కొడుకుతో ఒకే మాట అన్నది: పోలీసు కనబడితే పక్క సందులోకి తిప్పు. ఆ మాట తప్పే. ఆగడమే మంచిది, ఆగడమే చట్టం. కాని ఆ తల్లి భయం ఊహ కాదు. తనిఖీ దగ్గర బండి తిప్పే ప్రతి ఒక్కరిలో ఒక నేరస్థుడిని చూసే పోలీసు, ఆ భయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని శిక్షణలో నేర్పాలి.

శిక్షణ మాట వచ్చింది గనుక పోలీసు వాహనం నడిపేది ఎవరో చూద్దాం. పోలీసు శాఖలో డ్రైవరు కానిస్టేబుళ్ళు వేరుగా ఉంటారు. నియామక సమయంలోనే డ్రైవింగు పరీక్ష పెట్టి ఎంపిక చేస్తారు, జిల్లా సాయుధ దళంలో మోటారు ట్రాన్స్‌పోర్టు విభాగం వాహనాలను చూసుకుంటుంది. ఇది కాగితం మీది ఏర్పాటు. స్టేషను స్థాయిలో స్టీరింగు పట్టేవారిలో హోంగార్డులూ ఉంటారు. రోజు లెక్కన భత్యం తీసుకునే మనిషి, అధికారి పక్కన కూర్చుని 'పోనీ, పోనీ' అంటుంటే కాదనగలడా? బ్లూకోల్ట్స్ పేరుతో వీధుల్లో తిరిగే మోటారు సైకిళ్ళ మీద ఇద్దరు కానిస్టేబుళ్ళుంటారు. వీధి గొడవలు సర్దడానికి, వెంటనే చేరుకోవడానికి అది మంచి ఏర్పాటు. ఆ బండితో ఇంకొక బండిని తరమడం మాత్రం ఆ ఇద్దరి ప్రాణాలకూ ముప్పే. చట్టం దృష్టిలో చూస్తే, కారు నడిపే లైసెన్సు ఉన్న ఎవరైనా పోలీసు జీపు నడపవచ్చు. పెళ్ళికి వెళ్ళే కారుకూ, నేరస్థుని వెంటపడే జీపుకూ లైసెన్సు ఒకటే. ఆర్టీసీలో ప్రమాదం చేసిన డ్రైవరును మళ్ళీ శిక్షణకు పంపుతారు. ప్రయాణికుల బస్సు తోలేవాడికి ఉన్న ఆ కట్టుబాటు, సైరను వేసుకుని సిగ్నలు దాటే అధికారం ఉన్నవాడికి అంతకంటే గట్టిగా ఉండవద్దా?

సైరను అధికారాన్ని గురించి ఒక మాట. 2017లో కేంద్రం తెచ్చిన మోటారు వాహనాల డ్రైవింగు నిబంధనలు అగ్నిమాపక శకటానికి, అంబులెన్సుకు, పోలీసు వాహనానికి అత్యవసర సమయంలో ఎర్రదీపం దాటే, వేగపరిమితి మీరే వెసులుబాటు ఇచ్చాయి. అది ప్రాణం కాపాడటానికి, తీవ్రమైన హాని ఆపటానికి ఇచ్చిన వెసులుబాటు. దానిని కూడా తగిన జాగ్రత్తతో, బాధ్యతతో వాడాలన్నది అందులోనే రాసి ఉంది. హెల్మెట్ లేనివాడిని పట్టుకోవడం ఆ నిర్వచనంలోకి ఏ కోశానా రాదు.

మన పోలీసు వ్యవస్థ పునాదులు వేసిన బ్రిటన్ ఈ విషయంలో ఎక్కడికి చేరుకుందో తెలుసుకోవడం అవసరం. లండన్ పోలీసుల హెండన్ డ్రైవింగు పాఠశాల 1930లలోనే మొదలైంది. పోలీసు డ్రైవర్ల కోసం తయారైన 'రోడ్‌క్రాఫ్ట్' అనే పుస్తకం 1955లో వెలువడి, ఇప్పటికీ సవరణలతో వాడుకలో ఉంది. అక్కడ పోలీసు డ్రైవర్లలో అంచెలున్నాయి. మామూలు అంచెలో ఉన్నవారు గస్తీ తిరగవచ్చు, కాని వెంటాడకూడదు. వెంటాడే శిక్షణ పొందినవారు మొదలుపెట్టినా వెంటనే కంట్రోల్ రూముకు చెప్పాలి. ఎందుకు, ఎంత వేగంతో, రోడ్డు మీద జనం ఎంతమంది, ముందున్నది కారా మోటారు సైకిలా అన్నది వినిపిస్తూనే ఉండాలి. కంట్రోల్ రూములో కూర్చున్న అధికారి కొనసాగించమని అనుమతించాలి. ఆపమంటే ఆపాలి. వెంటాడుతున్న మనిషికి నెత్తురు వేడెక్కి ఉంటుంది గనుక, నిర్ణయం చల్లగా కూర్చున్న మనిషి చేతిలో పెట్టారు. ఇందులో ఉన్న వివేకం మాకు నచ్చింది. 2022లో అక్కడ చట్టాన్ని కూడా సవరించారు. శిక్షణ పొందిన పోలీసు డ్రైవరును మామూలు డ్రైవరుతో కాక, అదే శిక్షణ పొందిన జాగ్రత్తగల పోలీసు డ్రైవరుతో పోల్చి తప్పొప్పులు తేల్చాలని ఆ సవరణ చెబుతుంది. దాని కోసం పట్టుబట్టింది పోలీసుల సంఘమే. అంటే శిక్షణ, అనుమతి అన్నవి పోలీసును కట్టివేసే తాళ్ళుగానే మిగలక, కోర్టులో అతనిని కాపాడే కవచాలుగా కూడా మారాయి. శిక్షణ లేకుండా బండి తోలిన హోంగార్డుకు మన దగ్గర ఆ కవచం లేదు. ప్రమాదం జరిగితే 'పోనీ' అన్న అధికారి పక్కకు తప్పుకుంటాడు, కేసు స్టీరింగు పట్టినవాడి మీద పడుతుంది.

అమెరికాలో పోలీసు అధికారుల పరిశోధన సంస్థ పి.ఇ.ఆర్.ఎఫ్. 2023లో ఇచ్చిన సలహా ఇంకా సూటిగా ఉంది: హింసాత్మక నేరం జరిగి, ఆ మనిషి వల్ల వెంటనే మరొకరికి ముప్పు ఉంటే తప్ప వెంటాడవద్దు. నియమాలున్నంత మాత్రాన అంతా సవ్యంగా ఉంటుందని మేము చెప్పబోవడం లేదు. 2023 మే 22న వేల్స్‌లోని కార్డిఫ్ నగరంలో ఒక విద్యుత్ బైకు మీద వెళుతున్న ఇద్దరు పిల్లలు ప్రమాదంలో మరణించారు. పోలీసులు వెంటాడలేదని మొదట బాధ్యులు ప్రకటించారు. ఆ రాత్రి ఆ పేట అల్లర్లతో అట్టుడికింది. తరువాత ఒక ఇంటి కెమెరా దృశ్యాల్లో, అంతకు కొద్ది నిమిషాల ముందు పోలీసు వ్యాను ఆ బైకు వెనుకే వెళ్ళడం కనబడింది. నియమమున్నచోట కూడా నిజం బయటపడింది ప్రైవేటు కెమెరా వల్ల. నియమమే లేనిచోట నిజం ఎవరి దగ్గర ఉంటుంది?

మన సినిమాలు ఈ విషయంలో చేసిన మేలేమీ లేదు. వెండితెర మీద బండ్లు గాలిలోకి లేచి పల్టీలు కొడుతుంటే ఈలలు వేసిన మనమే, పోలీసు వెంటపడలేదంటే 'చేతకానివాడు' అనుకుంటాం.

ఇక అభ్యంతరాలు. పోలీసులు వెంటాడటం మానేస్తే గంజాయి రవాణా చేసేవారికి ఎదురులేకుండా పోతుందని అంటారు. అల్లూరి జిల్లా కొండల నుండి బయలుదేరిన సరుకు 16వ జాతీయ రహదారి మీదుగా విజయవాడ చేరి 65వ రహదారి పట్టి హైదరాబాదు పోతుందన్నది జగమెరిగినదే. ఆ గంజాయి మన పేటల పిల్లలనే తింటోంది కనుక దాన్ని ఆపాలన్న కోరిక మాకు తక్కువేమీ కాదు. అయితే ఆ దారిలో పొట్టిపాడు, కీసర టోల్ ప్లాజాలున్నాయి, సరిహద్దున గరికపాడు చెక్‌పోస్టు ఉంది. ముందున్న చెక్‌పోస్టుకు నంబరు చెప్పి, దారి మూసి పట్టుకోవడం వెంటాడటం కంటే ఎక్కువ ఫలితమిస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు ఉప్పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు ఇళ్ళ కప్పుల మీదికి ఆహారం చేర్చినవి డ్రోన్లు. అటువంటి డ్రోనుకు పారిపోతున్న బండిని కంటితో వదలకుండా చూడటం కష్టమేమీ కాదు. మోటారు వాహనాల చట్టంలో 136-ఎ సెక్షన్ వచ్చాక కెమెరా సాక్ష్యంతో జరిమానా వేయవచ్చు, తప్పు జరిగిన పదిహేను రోజులలోగా నోటీసు పంపాలని 2021 నిబంధన చెబుతోంది. నంబరు ప్లేటు ఉన్న బండిని రాత్రి కరకట్ట మీద తరమవలసిన అవసరమేమిటి? రేపు ఉదయం దాని యజమాని ఇంటికి వెళ్ళవచ్చు. కెమెరాల మీదా మాకు సంశయాలున్నాయి. మసీదు వీధిలోనే ఎక్కువ కెమెరాలెందుకన్న ప్రశ్న వేరే సంచికలో చర్చించవలసినది. అయినా కెమెరాకూ కాలువకూ మధ్య ఎంచుకోమంటే కెమెరానే ఎంచుకుంటాం.

వెంటాడక తప్పని సందర్భాలు ఉంటాయి. పిల్లవాడిని ఎత్తుకుపోతున్న కారు, హత్య చేసి పారిపోతున్నవాడు. అప్పుడు కూడా ఆ పని తెలిసినవారే చేయాలి. 2024 ఫిబ్రవరిలో అన్నమయ్య జిల్లాలో ఎర్రచందనం దొంగల కారును ఆపబోయిన ఒక కానిస్టేబులు ఆ కారు కింద పడి ప్రాణం కోల్పోయాడు. 2025 జూలై 26న తెల్లవారుజామున చౌటుప్పల్ సమీపంలో 65వ రహదారిపై, విధి నిర్వహణలో హైదరాబాదు వెళుతున్న ఆంధ్రప్రదేశ్ పోలీసు వాహనం ప్రమాదానికి గురై ఇద్దరు డీఎస్పీలు మరణించారు. అక్కడ వెంటాడటమూ లేదు, నేరస్థుడూ లేడు. ఉన్నది రాత్రి ప్రయాణం, వేగం నడిచే రహదారి. పోలీసు డ్రైవరు ఎన్ని గంటలు నిద్ర లేకుండా బండి నడపవచ్చునన్న విషయంలో కట్టుదిట్టమైన లెక్క ఉంటే దానివల్ల మొదట బతికేది పోలీసులే.

అనుమతి అన్న మాటకు ఇంకొక అర్థం ఉంది, అది మన సమాజానికి ఇంకా దగ్గరిది. వెంటాడే అధికారం ఎవరికి ఉంది అన్నప్పుడు, ఎవరికి లేదన్నది కూడా తేలాలి. 2024 జూన్ 7న తెల్లవారుజామున ఛత్తీస్‌గఢ్‌లో గేదెలతో వెళుతున్న లారీని గోరక్షకులమని చెప్పుకునేవారు కార్లలో వెంబడించారు. అరంగ్ దగ్గర మహానది వంతెన మీద అది ముగిసింది. లారీలోని ముగ్గురు ముస్లిం యువకులూ ప్రాణాలు కోల్పోయారు. ఇద్దరు అప్పుడే, మూడవవాడు కొన్ని రోజుల తరువాత ఆసుపత్రిలో. యాభై కిలోమీటర్లకు పైగా తరిమారని పోలీసుల అభియోగపత్రమే చెప్పింది. కొట్టి చంపలేదు, భయంతో వారే వంతెన మీద నుండి దూకారని కూడా అదే చెప్పింది. యాభై కిలోమీటర్లు తరిమించుకున్న మనిషి చివర తానే దూకాడన్న వాదనలోని న్యాయం మాకు అర్థం కాలేదు. అదే ఏడాది ఆగస్టులో ఫరీదాబాదు దగ్గర పశువుల దొంగలన్న అనుమానంతో ఒక కారును వెంబడించి కాల్చారు, చనిపోయిన విద్యార్థి హిందువు. చీకట్లో తరిమేవాడికి ముందున్నవాడి మతం తెలియదు. తెలిసిందల్లా అనుమానమే. 16వ, 65వ రహదారుల మీద పశువులను, తోళ్ళను, మాంసాన్ని చట్టబద్ధమైన కాగితాలతో తరలించే మన వ్యాపారులకు ఈ భయం రోజువారీది. ప్రైవేటు వ్యక్తి వాహనాన్ని వెంబడించడం నేరమని, అలా సమాచారం ఇచ్చినవాడు అక్కడితో ఆగిపోవాలని, వాడి కారును పోలీసు తన వెంట రానివ్వకూడదని పోలీసు నియమంలో స్పష్టంగా రాయాలి. గుంపు హింసను నివారించడానికి ప్రతి జిల్లాలో నోడల్ అధికారిని నియమించాలని సుప్రీంకోర్టు 2018 జూలై 17న తెహసీన్ పూనావాలా కేసులో ఆదేశించింది. ఆ అధికారి పని ఇక్కడి నుండే మొదలు కావాలి.

మన ఇళ్ళలోకి కూడా ఒకసారి చూసుకోవాలి. షబే బరాత్ రాత్రి, రమజాన్‌లో తరావీహ్ ముగిసిన తరువాత, లైసెన్సు వయసు రాని పిల్లలు ముగ్గురేసి ఒక బండి మీద ఊరేగడం అందరమూ చూస్తున్నదే. పిల్లవాడికి బండి తాళం ఇచ్చిన తండ్రికి 199-ఎ సెక్షన్ కింద మూడేళ్ళ జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. జమాత్ పెద్దలు మైకులో ప్రకటించవలసిన విషయాల్లో ఇదొకటి. పోలీసు వెంటాడకూడదని అడిగే హక్కు మనకు ఉంది. దాంతోపాటు పిల్లవాడు పారిపోవలసిన పరిస్థితి తేకుండా చూసే పూచీ కూడా ఇంటిదే.

ప్రమాదం జరిగిపోతే ఏమిటి? పోలీసు కస్టడీలో మరణిస్తే మేజిస్ట్రేటు విచారణ తప్పనిసరి. ఎన్‌కౌంటరు మరణాలకు సుప్రీంకోర్టు 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. వెంటాడుతుండగా కాలువలో పడి చనిపోయినవాడు ఈ రెండింటికీ మధ్య జారిపోతాడు. అతడు ఎవరి కస్టడీలోనూ లేడు, అతనిపై ఎవరూ కాల్చలేదు. కేసు మామూలు రోడ్డు ప్రమాదంగా, తరచుగా మృతుని నిర్లక్ష్యంగానే ముగిసే వీలుంది. దానిని నమోదు చేసేది కూడా వెంటాడిన స్టేషనే కావచ్చు. పోలీసు వాహనం వెనుక ఉండగా జరిగిన ప్రతి మరణాన్నీ పోలీసు చర్యలో జరిగిన మరణంగా పరిగణించి, వేరే విభాగంతో దర్యాప్తు చేయించాలన్నది మా ప్రధానమైన కోరిక. 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించిన జిల్లా పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థ దీనికి సరైన చోటు.

నష్టపరిహారం సంగతి బాధితుల కుటుంబాలకు తెలియదు. ప్రభుత్వ వాహనాలకు బీమా తప్పనిసరి కాదని 146వ సెక్షన్ మినహాయించింది గనుక పోలీసు జీపు ఢీకొంటే బీమా కంపెనీ ఉండదని నిరాశపడనక్కరలేదు. ప్రభుత్వం మీదే మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌లో 166వ సెక్షన్ కింద దావా వేయవచ్చు. ఉదయపూర్‌లో ప్రభుత్వ జీపు ఢీకొని ఒక పాదచారి మరణించిన కేసులో రాజస్థాన్ ప్రభుత్వం బాధ్యురాలేనని 1962లోనే విద్యావతి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2019 సవరణ దావాకు ఆరు నెలల గడువు పెట్టింది. దానిమీద న్యాయస్థానాల్లో వివాదాలు నడుస్తున్నా, ఆ లోపలే దాఖలు చేయడం క్షేమం. నలభై రోజుల సంతాపం ముగిశాక చూద్దామనుకుంటే వీధి కెమెరా దృశ్యాలు చెరిగిపోతాయి. మొదటి వారంలోనే దుకాణదారుల దగ్గర వాటిని అడిగి భద్రపరచాలి.

నియమం ఎలా ఉండాలన్నది మేము కూర్చుని రాయగల పని కాదు. కొన్ని మాటలు మాత్రం అందులో ఉండి తీరాలి. వెంటాడటానికి అర్హత పొందిన డ్రైవర్ల జాబితా కమిషనరేటులో ఉండాలి, నిర్ణీత కాలానికొకసారి వారిని మళ్ళీ పరీక్షించాలి, హోంగార్డు అందులో ఉంటే అతనికీ అదే శిక్షణ, అదే రక్షణ ఉండాలి. ద్విచక్ర వాహనాన్ని ట్రాఫిక్ తప్పు కోసం వెంటాడకూడదు. కాలువ గట్ల మీద, కాళేశ్వరరావు మార్కెట్ వంటి ఇరుకు బజార్లలో, బడి వదిలే వేళ ఏ కారణంతోనైనా వద్దు, ఎదుటివారి ప్రాణం పోతున్నదంటే తప్ప. సెట్‌లో కంట్రోల్ రూముకు చెప్పనిది వెంటాడటం కాదు, దుడుకుతనం. ఆ సంభాషణ రికార్డు ఉండాలి, అడిగితే ఇవ్వాలి.

సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం ప్రతి శాఖ తన విధులకు వాడే నియమాలను, సూచనలను తనంత తానే ప్రజల ముందు పెట్టాలి. పెట్టకపోతే అడగవచ్చు. విజయవాడలోని ఎన్.టి.ఆర్. జిల్లా పోలీసు కమిషనరేటుకు, మచిలీపట్నంలోని కృష్ణా జిల్లా ఎస్పీ కార్యాలయానికి పది రూపాయల రుసుముతో దరఖాస్తు పంపవలసిందిగా పాఠకులను కోరుతున్నాము. అడగవలసినవి ఇవి: వాహనాలను వెంబడించడంపై అమలులో ఉన్న లిఖిత ఉత్తర్వు ప్రతి ఇవ్వండి. గత మూడేళ్ళలో ఎంతమంది పోలీసు డ్రైవర్లకు, హోంగార్డు డ్రైవర్లకు ప్రత్యేక డ్రైవింగు శిక్షణ ఇచ్చారు, ఎక్కడ, ఎన్ని రోజులు? పోలీసు వాహనం వెంబడిస్తుండగా జరిగిన ప్రమాదాలు ఎన్ని, గాయపడినవారు, మరణించినవారు ఎందరు? వాటిలో ఎన్నింటిని వేరే అధికారి దర్యాప్తు చేశారు? ముప్పై రోజులలో జవాబు రావాలి. రాకపోతే అదే కార్యాలయంలోని అప్పీలు అధికారికి రాయండి. వచ్చిన జవాబు ఏదైనా, 'సమాచారం లేదు' అన్నదైనా సరే, ఒక ప్రతి మా కార్యాలయానికి చేర్చండి.